ఏదో ఒక రోజున

స్నానాల గదిలో నీళ్ళ చప్పుడు మొదలవగానే సూదక్క అగ్గిపుల్ల గీసింది. పిల్ల బయటికొచ్చేలోపు అన్నం ఉడకాలి, కూర దిగాలి, స్టవ్వు ఆరాలి, కిటికీలోంచి వాసన బయటికి పోవాలి. మంటకు అడ్డంగా రేకు నిలబెట్టి, ఒక చెవి గిన్నె మీదా ఒక చెవి గది తలుపు మీదా వేసి నిలబడింది. నీళ్ళు ఆగితే ఒక భయం, ఆగకపోతే ఇంకో భయం. ఆగితే పిల్ల వచ్చి మంట చూస్తుంది. ఎంతకీ ఆగకపోతే లోపల ఏం చేసుకుంటోందో తెలీదు. అందుకే ఆ తలుపు లోపలి గడియ తానే ఊడదీసి, "తుప్పు పట్టి ఊడిపోయిందమ్మా, మీ నాన్నొచ్చి బిగిస్తాడులే" అని చెప్పింది. పిల్ల గడియ ఊడిన చోట కొత్తగా కనిపిస్తున్న చెక్కని చూసింది, తల్లిని చూసింది.

పిల్ల పనిచేసే బట్టల కొట్టు గోదాం తగలబడినప్పటినుంచీ ఆ ఇంట్లో ఇదే పద్ధతి. మంటల్లోంచి పిల్ల బయటపడింది. పక్కన నిలబడి పనిచేసే స్నేహితురాలు బయటపడలేదు. వెనక తలుపుకి బయటినుంచి తాళం ఉండింది. పనిపిల్లలు బట్టలు ఎత్తుకుపోతారని యజమాని వేయించిన తాళం. ఆయన మాత్రం తప్పంతా పిల్లల అజాగ్రత్తదేనని చెప్పుకుంటూ కొట్టుకి కొత్త రంగు వేయిస్తున్నాడు. సూదక్క ఇంట్లో ఆ కొట్టు మాట ఎత్తరు, ఆ వీధిన నడవరు. మొదట్లో పిల్ల "అమ్మా, ఆ రోజు..." అని అనబోయేది. "అవన్నీ ఇప్పుడెందుకు తల్లీ, మర్చిపో" అని సూదక్క ఆ మాట మీద మూత పెట్టేసేది. తర్వాత పిల్ల అనబోవడం కూడా మానేసింది. పోనీలే, మరుపున పడుతోందనుకుంది తల్లి.

కూర దించి, స్టవ్వు ఆర్పి, దుప్పట్లు మడతపెడదామని గదిలోకి వెళ్ళింది. తలగడ పక్కన నీలం అట్ట పుస్తకం ఒకటి బోర్లా పడి ఉంది. సూదక్క ముందు దాని వీపు చూసింది. ఇరవై ఏళ్ళ అలవాటు. ఎవరి పుస్తకమైనా ముందు వీపు చూస్తుంది, పేరు తర్వాత. వీపు చీలిపోయింది, దారాలు తెగాయి, మధ్యలో కాగితాల మడత ఒకటి జారి నాలుకలా వేలాడుతోంది. లైబ్రరీ ముద్ర ఉంది. తిప్పి, అట్ట మీది మాటలు వేలు పెట్టుకుని చదివింది. మనసుకి పెద్ద దెబ్బ తగిలినవాళ్ళు కోలుకోవడం గురించిన పుస్తకం. 

"ఎక్కడిదే ఇది?"

పిల్ల తల తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది. "ఆస్పత్రిలో నర్సక్క చెప్పింది. లైబ్రరీలో తీసుకున్నా."

"ఇలాంటివి చదివితే ఉన్న బుర్ర కూడా పోతుంది."

"ఉన్నది సరిగ్గా ఉంటే కదా పోవడానికి."

"ఎందుకే అలా మాట్లాడతావ్? ఏముంటుంది ఇందులో?"

"నాలాంటివాళ్ళు ఉంటారు."

"నీలాంటివాళ్ళేంటి? నీకేమైందని? నువ్వు బానే ఉన్నావు."

పిల్ల పుస్తకం అందుకోబోయింది. సూదక్క వదల్లేదు. ఇద్దరి చేతుల మధ్యా ఆ వేలాడే మడత ఇంకొంచెం జారింది.

"చూశావా, ఊడిపోతోంది. ఇలాగే చదివితే కాగితం కాగితం రాలిపోతుంది. ఇయ్యి, కుట్టి తెస్తాను."

"సగంలో ఉన్నానమ్మా. సరిగ్గా ఒక మాట మధ్యలో ఆపాను."

"సాయంత్రానికి తెచ్చేస్తాగా."

పిల్ల కాసేపు ఆలోచించి చేతులు తీసేసింది. "నువ్వే కుట్టు. ఇంకెవరికీ ఇవ్వకు."

ఆ మాటకి సూదక్కకు సంతోషం కలగాలి. కలగలేదు. పుస్తకాన్ని అన్నం డబ్బాతో పాటు సంచీలో వేసుకుని, పక్కింటావిడకి "కాస్త మా పిల్ల మీద కన్నేసి ఉంచు వదినా" అని రోజూ చెప్పే మాట చెప్పి, వీధి మలుపు దాకా వెనక్కి తిరిగి చూస్తూ వెళ్ళింది. దారిలో, లారీ తోలే పని మీద వేరే ఊళ్ళో ఉన్న మొగుడికి ఫోను చేసింది.

"అది పుస్తకాలు చదువుతోంది."

"అయితే?"

"మనసు దెబ్బల పుస్తకాలు."

"చదవనీవే. వంటింట్లో రేకులు నిలబెట్టేదానివి నువ్వు, గడియలు పీకేదానివి నువ్వు. ముందు ఆ పుస్తకం నువ్వు చదువు."

"నీకు అంతా వేళాకోళమే. ఏదైనా జరిగాక తెలుస్తుంది."

"ఏం జరుగుతుందే?"

ఆ మాటకి జవాబు ఆమె నోట్లోకి వచ్చింది గానీ బయటికి రానివ్వలేదు. పలికితే నిజమైపోతుందని ఫోను పెట్టేసింది.

లైబ్రరీ ముందు గుమ్మం పెద్ద రోడ్డు మీద ఉంటే, బైండింగు షెడ్డు దాని వెనక సందులో ఉంది. పాత పుస్తకాలు కట్టలు కట్టలుగా వెనక గుమ్మంలోంచి షెడ్డుకి వస్తాయి, కొత్త వీపులు తొడుక్కుని అదే గుమ్మంలోంచి లోపలికి పోతాయి. లోపల రెండు పొడుగు బల్లలు, ఒక కత్తెర మర, గోడవార బిగింపు చెక్కలు. వీటన్నిటి మీదా ఎప్పుడూ ఆరని జిగురు వాసన. మొదటి బల్ల దగ్గర కుట్టేది సూదక్క, రెండో బల్ల దగ్గర జిగురు రాసేది జిగురక్క. వాళ్ళ అసలు పేర్లు షెడ్డు నడిపే మాస్టరుకి కూడా గుర్తున్నట్టు లేదు.

"ఏమే సూదీ, మొహం అలా ఉందేం? రాత్రంతా ఎవర్ని చంపావు కలలో?" అంది జిగురక్క కుంచె కలుపుతూ.

"నీకు నవ్వులాట."

"నవ్వక ఏం చేయమంటావ్? మొన్న ఆ నవల కుడుతూ ఏమన్నావ్? హీరో పడవ మునిగి చచ్చిపోతాడన్నావ్. నేను ఇంటికి పట్టుకెళ్ళి చదివితే వాడు పడవ కొనుక్కున్నాడు, హాయిగా చేపలు పట్టుకున్నాడు."

అది నిజమే. సూదక్క చదివే పద్ధతి వేరు. పాత పుస్తకాన్ని విప్పినప్పుడు వీపు మీది ఎండిన జిగురు గీకి, దారాలు కోసి, పదహారేసి పేజీల మడతల్ని విడదీస్తుంది. మళ్ళీ కుట్టేముందు అవి వరసలో ఉన్నాయో లేదో చూడాలి. అందుకు ఒక మడత చివరి పేజీలో అడుగు మాటా, తర్వాతి మడత మొదటి పేజీలో పై మాటా చూస్తే చాలు. రెండూ అతికితే వరస సరే. ఇరవై ఏళ్ళుగా వేల పుస్తకాలు ఆమె చేతుల్లోంచి వెళ్ళాయి. అన్నిట్లోనూ ఆమె చదివింది ఆ అతుకుల దగ్గరి మాటలే. మధ్యలో ఉన్నది తన భయాన్ని బట్టి తానే అల్లుకునేది.

నీలం పుస్తకం విప్పింది. అట్ట వేరయింది. కత్తి మొనతో జిగురు గీకుతుంటే పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఒక్కో మడత మధ్య దారం కోసి, బల్ల మీద వరసగా పేర్చింది. కొసలు చూడడం మొదలుపెట్టింది. మొదటి అతుకు సరే. రెండోది సరే. ఒక మడత చివర పిల్ల పెట్టుకున్న బస్సు టికెట్టు ఉంది. ఆ పేజీ అడుగున ఇలా ఉంది. "బతికి బయటపడినవాళ్ళలో చాలామందికి ఏదో ఒక రోజున"

తర్వాతి మడత తీసింది. జారి వేలాడిన మడత అదే. పై మాట చదివింది.

"చచ్చిపోవాలనిపిస్తుంది."

సూదక్క వేలు ఆ మాట మీదే ఉండిపోయింది. చుట్టూ షెడ్డులో చప్పుళ్ళన్నీ ఆగిపోయినట్టయింది. కత్తెర మర ఆడుతూనే ఉంది, జిగురక్క ఏదో అంటూనే ఉంది. ఆమెకి వినపడలేదు. ఇంతకాలం తను నోట్లోంచి బయటికి రానివ్వని మాట, అచ్చులో, అంత నిమ్మళంగా. పిల్ల నిన్న సరిగ్గా దీని ముందే ఆగింది. ఇవ్వాళ సాయంత్రం ఆ కాగితం తిప్పితే చాలు.

మడతని తిరగేసి చివరి పేజీ అడుగు చూసింది. "ఆ తలుపు తెరవాల్సింది మీరే."

ఏ తలుపు? గోదాం వెనక తలుపు ఒక్కటే ఆమె కళ్ళ ముందుకొచ్చింది. మసిబారి, తాళం కప్పతో సహా కమిలిపోయిన తలుపు. పిల్లని అక్కడికి వెళ్ళమంటున్నారు. వెళ్ళి ఆ తలుపు ముందు నిలబడమంటున్నారు. చచ్చిపోవాలనిపించిన పిల్లని ఒంటరిగా ఆ తలుపు దగ్గరికి పంపిస్తున్నారు. ఎవరు రాశారో గానీ వాళ్ళకి ఆడపిల్లలు ఉండి ఉండరు.

ఇంకొక్క మాట కూడా చదవలేదు. పాము మీద కాలు వేసినదాన్ని ఇంకా వివరంగా చూడమంటే ఎవరు చూస్తారు? మడతని రెండుగా మడిచి, బల్ల కింద చిత్తుకాగితాల గోనెలోకి జార్చింది. ఇరవై ఏళ్ళలో ఒక్క పేజీ కూడా పోనివ్వని చేయి. గోనెలో పడ్డ చప్పుడు కూడా రాలేదు.

మిగిలిన మడతల్ని బల్లకి తట్టి అంచులు సమం చేసింది. దారానికి మైనం రాసి, సూది ఎక్కించి, ఒక మడత మధ్యలోంచి ఇంకో మడత మధ్యలోకి కుడుతూ పోయింది. పదహారు పేజీలు పోతే పుస్తకం అట్టలో వదులవుతుంది. చదివే చేతికి తెలిసిపోతుంది. అందుకని వీపు లోపల మందపాటి కాగితం పట్టీలు రెండు అతికించి ఖాళీ పూడ్చింది. మాస్టరు అటుగా వచ్చి వీపు మీద వేలితో తట్టి, "బావుంది" అన్నాడు. జిగురక్క మాత్రం పట్టీల వైపు చూసి, సూదక్క మొహం వైపు చూసి, జిగురు రాసి చెక్కల మధ్య పెట్టింది.

సాయంత్రం పిల్ల పుస్తకం అందుకుని వీపు మీద చెయ్యి వేసి చూసుకుంది. చాలా రోజుల తర్వాత దాని మొహంలో చిన్న వెలుగు కనబడింది. "కొత్తదానిలా ఉందమ్మా." లైటు కింద కూర్చుని బస్సు టికెట్టు ఉన్నచోట తెరిచింది. సూదక్క ఉల్లిపాయలు తరుగుతున్నట్టు కూర్చుని చూస్తూ ఉంది. పిల్ల పేజీ తిప్పింది. వెనక్కి తిప్పింది. మళ్ళీ ముందుకి. పేజీ అంకెల మీద వేలు పెట్టింది.

"అమ్మా, ఇందులో పేజీలు లేవు."

"పాత పుస్తకం కదే. ఎప్పుడో ఎవరో చింపుకుని ఉంటారు."

"నిన్న ఉన్నాయి. జారిపోయి వేలాడుతున్నవి అవే."

"ఏమో, దారిలో పడిపోయాయేమో."

 కత్తి పీట మీద ఉల్లిపాయ సగంలో ఆగిపోయింది. కాసేపటికి పిల్ల గొంతు చాలా మెల్లగా వచ్చింది.

"ఏదో ఒక రోజున ఏమవుతుందమ్మా?"

"ఏంటి?"

"ఇక్కడ ఆగిపోయింది. 'చాలామందికి ఏదో ఒక రోజున' అని. తర్వాత ఏమవుతుంది? తగ్గిపోతుందా? పెరిగిపోతుందా?"

సూదక్కకు తెలుసు. ఆ ఇంట్లో ఆ తర్వాతి మాట తెలిసింది ఆమెకే.  "తగ్గిపోతుందని రాసుంటారులే. ఇంకేం రాస్తారు? తిను, తిని పడుకో" అంది. ఆ మాట అంటున్నప్పుడు పిల్ల కళ్ళు తన మొహాన్ని వెతకడం చూసింది. చూసి తల దించుకుని ఉల్లిపాయ మిగతా సగం తరిగింది.

మర్నాడు పనిలో సూది మూడుసార్లు వేలిలో దిగింది. నాలుగోసారి జిగురక్క కుంచె కింద పెట్టింది.

"చెప్పు. ఏం చేశావ్ నిన్న?"

సూదక్క చెప్పింది. గొంతు తగ్గించి, మాస్టరు వైపు చూస్తూ, ముక్కలు ముక్కలుగా చెప్పింది. జిగురక్క విన్నంతసేపూ విని, "ఆ పదహారు పేజీలూ చదివావా?" అంది.

"పైమాట చూశాను. అడుగు మాట చూశాను."

"కొసలు చూసి తీసేశావా?"

"చచ్చిపోవాలనిపిస్తుందని రాసుంటే ఇంకేం చూడమంటావక్కా!"

"అనిపిస్తుందని రాశారు. అనిపించాక ఏం చేయాలో రాయకుండా పదహారు పేజీలు ఊరికే నింపుతారా? అనిపించే ముందు దాకా చదివించి, అక్కడ పిల్లని వదిలేశావు కదే!"

సూదక్క బల్ల కిందికి వంగింది. గోనె లేదు. చిత్తుకాగితాల బండి పొద్దున్నే వచ్చి తీసుకుపోయింది. ఈపాటికి అది ఏ నీళ్ళ తొట్టెలోనో నానుతూ ఉంటుంది. బల్ల కింద శుభ్రంగా ఊడ్చిన నేల కేసి చూస్తుంటే ఆమెకి నిన్నటి ప్రశ్న మళ్ళీ వినిపించింది. తగ్గిపోతుందా, పెరిగిపోతుందా. పిల్ల అడిగింది పుస్తకం గురించి కాదు. తన గురించి అడిగింది.

అన్నం డబ్బా, ఫోను సంచీలోనే వదిలి పరిగెత్తింది.

ఇంటి తలుపు దగ్గరకి వేసి ఉంది. పిల్ల లేదు. చెప్పులు లేవు. ఫోను మంచం మీద ఉంది.  ఫోను లేకుండా పిల్ల ఎక్కడికీ వెళ్ళదు. తను వెళ్ళనివ్వదు. స్నానాల గది చూసింది, మేడ మీద చూసింది, మంచం కింద కూడా చూసింది.

"వదినా, మా పిల్ల!"

"ఇప్పుడే చూశానే, గుమ్మంలో నిలబడి ఉంది" అంది పక్కింటావిడ చీపురుతో బయటికొస్తూ. "పొయ్యి మీద పాలు పొంగితే లోపలికెళ్ళాను. అంతలోనే..."

అంతలోనే. సూదక్క జీవితంలో జరిగే ఘోరాలన్నీ ఎప్పుడూ అంతలోనే జరిగేవి. ఏ వీధిన నడవకూడదని ఆమె ఇంట్లో శాసనం చేసిందో ఆ వీధినే పరిగెత్తింది. కొట్టు ముందు రంగు డబ్బాలు, నిచ్చెన. గోడ సగం దాకా గులాబీ రంగు, పైన సగం ఇంకా నలుపు. వెనక సందులోకి తిరిగింది. ఆ తలుపు అక్కడే ఉంది. తాను అనుకున్నంత పెద్దది కాదు. ఇద్దరు మనుషులు గట్టిగా తోస్తే ఊడిపోయేలా ఉంది. దాని ముందు ఎవరూ లేరు. ఊపిరి పీల్చుకోబోయి, లేకపోతే ఇంకెక్కడున్నట్టు అని మళ్ళీ కొట్టు ముందుకి పరిగెత్తింది.

"ఇక్కడికి ఒకమ్మాయి వచ్చిందా బాబూ? సన్నగా, మెడ మీద కాలిన మచ్చ..."

నిచ్చెన మీది రంగులవాడు తల అడ్డంగా ఊపాడు. "పొద్దుటినుంచీ ఇక్కడే ఉన్నానమ్మా. ఎవరూ రాలేదు."

వంతెన మీదికి వెళ్ళింది. నీళ్ళ కేసి చూడలేక కళ్ళు మూసుకుని, మూసుకుంటే ఏం కనపడుతుందని తెరిచి చూసింది. నీళ్ళు మామూలుగా పోతున్నాయి. ఒడ్డున బట్టలుతికేవాళ్ళు మామూలుగా మాట్లాడుకుంటున్నారు. ఆస్పత్రికి వెళ్ళింది, నర్సక్క కనపడింది. "రాలేదే" అని, సూదక్క మొహం చూసి ఆమె కూడా కంగారుపడింది. "పుస్తకం తిరిగివ్వడానికి లైబ్రరీకి వెళ్ళిందేమో చూడండి. ఈలోపు నేనూ వాకబు చేస్తాను."

లైబ్రరీ ముందు మెట్లు ఆమె ఎప్పుడూ ఎక్కలేదు. వెనక గుమ్మమే ఆమెకి తెలిసింది. చెమటలు కక్కుతూ లోపలికి వచ్చిన మనిషిని చూసి లైబ్రరీ మేడం కుర్చీలోంచి సగం లేచింది. "మీ అమ్మాయా? వచ్చింది. ఈ పుస్తకం ఇంకో కాపీ ఉందా అని అడిగింది. చదువుకునే గదిలో ఒకటుంది, బయటికి ఇవ్వం అన్నాను. కూర్చుని చదువుకో అన్నా. నిలబడి కాసేపు ఆ పుస్తకం వైపు చూసింది గానీ, తెరవకుండానే వెళ్ళిపోయింది."

"ఎటెళ్ళింది?"

"చూళ్ళేదమ్మా."

ఇంకో కాపీ ఎదురుగా బల్ల మీదే ఉంది. సూదక్క నిలబడే తెరిచింది. అప్పుడు కూడా చేతులు తమంతట తామే వీపు చూశాయి. బస్సు టికెట్టు గుర్తు ఇక్కడ లేదు గానీ, పేజీ ఆమెకి తెలుసు. తిప్పింది.

చచ్చిపోవాలనిపిస్తుంది. ఆ కింద ఇంకా ఉంది. ఆమె వేలు కదిలింది, పెదాలు కదిలాయి. ఆ మాట చదివి భయపడకండి, అనిపించడం వేరు, చేయడం వేరు. అనిపించిన పూట ఒంటరిగా ఉండకండి. నమ్మినవాళ్ళు ఒక్కరుంటే వాళ్ళ దగ్గరికి వెళ్ళి, ఆ మాటని తిప్పకుండా, తగ్గించకుండా, ఆ మాటగానే చెప్పండి. ఒక్కరూ లేరనిపిస్తే ఆస్పత్రికి వెళ్ళండి. ఆ పూట గడుస్తుంది. గడిచినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ తర్వాత వాళ్ళ మాటలు. భూకంపంలో పిల్లాణ్ణి పోగొట్టుకున్న తండ్రి, బస్సు లోయలో పడితే బతికిన డ్రైవరు. డ్రైవరు అన్న చోట ఆమె వేలు ఆగి, మళ్ళీ నడిచింది.

ఆఖరి పేజీలు ఇంకెవరికో రాసినవి. ఇంట్లోవాళ్ళకి అని పైన ఉంది. మీకు భయంగా ఉంటుంది. ఏం అడిగితే ఏమవుతుందోనని ఇల్లంతా మూసేస్తారు. మర్చిపో అంటారు. మీరు ప్రేమతోనే అంటారు, లోపలున్నవాళ్ళకి మాత్రం అది తాళం వేసిన చప్పుడులా వినపడుతుంది. వాళ్ళు లోపలినుంచి ఎంతైనా తడతారు. ఆ తలుపు తెరవాల్సింది మీరే.

సూదక్క ఆ మాటని రెండోసారి చదివింది. మేడం మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. పుస్తకం తనకి ఇవ్వమని అడగడానికి కూడా ఆగలేదు సూదక్క. అలవాటున్న కాళ్ళు ఆమెని వెనక గుమ్మంలోంచి సందులోకి పడేశాయి.

షెడ్డు గుమ్మంలో జిగురక్క నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఎక్కడ తిరుగుతున్నావే ఊరంతా? నీ పిల్ల వచ్చి ఎంతసేపైందో! కూర్చోబెట్టాను."

"ఇక్కడికా?"

"మరి? నువ్వు ఇంటికి పరిగెత్తావు, అది ఇక్కడికి వచ్చింది. ఇద్దరూ ఒకే తానులో ముక్కలు. మాస్టరుకి నేను చెప్పానులే, లోపలికి పో."

తల్లి స్టూలు మీద, తల్లి బల్ల ముందు పిల్ల కూర్చుని ఉంది. ఎదురుగా నీలం పుస్తకం. వీపు ఒక పక్క చీల్చి ఉంది. లోపలి కాగితం పట్టీలు రెండూ బయటికి తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టింది. సూదక్క గుమ్మంలోనే ఆగిపోయింది. బతికే ఉంది. పాదాలు స్టూలు కడ్డీ మీద పెట్టుకుని, చిన్నప్పుడు కూర్చున్నట్టే కూర్చుంది. కొట్టాలనిపించింది, వాటేసుకోవాలనిపించింది. రెండూ చేయలేక గోడకి ఆనుకుంది.

"ఫోను ఎందుకు వదిలి పోయావే?"

"నువ్వు చేస్తావని." పిల్ల తల ఎత్తలేదు. "చేస్తే తీయాలి. తీస్తే బానే ఉన్నానని చెప్పాలి."

సూదక్క గోడ వదిలి బల్ల దగ్గరికి వచ్చింది.

"నువ్వు కుట్టిన పుస్తకంలో పేజీ పోవడం నేనెప్పుడూ చూడలేదమ్మా" అంది పిల్ల. "అందుకే నిన్ననే తెలిసింది. ఇవ్వాళ లైబ్రరీలో ఇంకోటి కనబడింది. తెరుద్దామంటే చేతులు రాలేదు. అమ్మ అంతగా భయపడి తీసిందంటే అందులో ఎంత ఘోరం ఉందో అనిపించింది. నాకు ఏమవుతుందని రాశారో, అది చదవకూడదని అమ్మకి కూడా అనిపించిందంటే..." ఆగింది. "అవేవీ? ఇవ్వు. నువ్వు పక్కనుంటే చదువుతా."

"లేవమ్మా. పొద్దున బండిలో పోయాయి."

పిల్ల తల ఊపింది. పట్టీల్ని వేలితో కొద్దిగా జరిపింది.

సూదక్క జిగురక్క స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. "నేను చదివొచ్చాను. ఇప్పుడే. ఆ పదహారు పేజీలూ. చెప్తాను."

"చెప్పు."

చెప్పడం చదివినంత తేలిక కాదు. ఆ మాట, తన నోటితో, తన పిల్ల మొహంలోకి చూస్తూ! ఇంట్లో దీపాలు ఆరిపోయినట్టు, వంతెన కింద నీళ్ళు పైకి లేచినట్టు అనిపించింది. బల్ల అంచు పట్టుకుంది.

"చాలామందికి ఏదో ఒక రోజున చచ్చిపోవాలనిపిస్తుందంట."

షెడ్డు అవతల కత్తెర మర ఒకసారి ఆడి ఆగింది.  పిల్ల భుజాలు, ఎప్పటినుంచో చెవుల దాకా ఎత్తిపెట్టుకున్నవి, కొంచెం కిందికి దిగాయి.

"అందరికీనా?"

"చాలామందికి అని ఉంది."

"నాకొక్కదానికే అనుకున్నా."

సూదక్క నాలిక చివరికి ఒక్కసారిగా వచ్చేశాయి, ఛీ అవేం మాటలే, మర్చిపో, దేవుడున్నాడు, నువ్వు బానే ఉన్నావు. అన్నీ వరసగా, కుట్టడానికి సిద్ధంగా ఉన్న మడతల్లా. పళ్ళు బిగపట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగితే తుడుచుకోలేదు.

"ఇప్పుడుందా?"

"ఇప్పుడు లేదు. రాత్రి ఉంది. నువ్వు తగ్గిపోతుందని చెప్పి తల దించుకున్నావు చూడు, అప్పుడు."

"మళ్ళీ వస్తే నన్ను లేపు. పగలైతే ఇక్కడికి రా, ఇవ్వాళ వచ్చినట్టే. ఇప్పుడు ఇద్దరం నర్సక్క దగ్గరికి పోదాం, నీకోసం వెతుకుతోంది పాపం. ఆమెకి కూడా ఈ మాట చెబుదాం."

"నువ్వు భయపడతావమ్మా."

"భయపడతాను. అది నా పుట్టుబుద్ధి. దానికోసం నువ్వు ఆగకు."

పిల్ల నవ్వలేదు గానీ, పెదవి ఒక పక్క కొద్దిగా కదిలింది. చాలాసేపు బల్ల మీది జిగురు పెచ్చుల్ని గోరుతో గీకింది. గుమ్మంలో జిగురక్క ఎవర్నో "ఇప్పుడు కాదు, తర్వాత రా" అని కసిరి పంపించేసింది.

"ఆ రోజు..." అంది పిల్ల. అని, అలవాటుగా ఆగింది. మూత పడుతుందేమోనని తల్లి మొహం వైపు చూసింది.

సూదక్క చేతులు ఏదో ఒక పని కోసం బల్ల మీద తడుముకుంటున్నాయి. సూది దొరికింది. పక్కన పెట్టేసింది. దారం ఉండ దొరికింది, దాన్నీ పెట్టేసింది. ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుంది.  తర్వాతి మాట ఏమిటో తెలీదు, ఆ తర్వాతిది ఇంకా తెలీదు.

"ఊఁ" అంది.

"ఆ రోజు పొద్దున మేమిద్దరం నవ్వుకుంటూ షట్టరు ఎత్తాం. అది సగంలో ఆగిపోయింది. ఎంత నవ్వామంటే చేతుల్లో బలం లేక మళ్ళీ కిందికి జారిపోయింది."

 సూదక్క స్టూలు ఇంకొంచెం దగ్గరికి జరుపుకుంది.

"ఎందుకు నవ్వారు?" అని అడిగింది.